ఇన్‌ఫ్లుయెంజా టీకా: ముందుగా తెలిసిన నొప్పి
(ఉగాదికి ముందు జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదికి ముందు జరిగే ఈ సమావేశంలో ప్రతి ఏడూ ఎవరో ఒక పెద్దమనిషి లేచి, మన తాతముత్తాతలు కరీంనగరం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాలనుండి మగ్గం పని వెదుక్కుంటూ ఈ షోలాపూరు చేరిన కథ చెప్పడం ఆచారం. ఈసారి కార్యదర్శిగారు ఆ ఆచారాన్ని కాస్త పక్కకు జరిపి, నన్ను నిలబెట్టి, ఇన్‌ఫ్లుయెంజా టీకా గురించి మాట్లాడమన్నారు. అందులోనూ టీకా గొప్పతనం గురించి కాదు; టీకా వేయించుకున్న తరువాత ఒంటికి కలిగే ఇబ్బందుల గురించి చెప్పమన్నారు. పండుగపూట ఇదేమి ప్రసంగమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. కాని మృగశిర కార్తెకు ఇంక రెండు నెలల పైచిలుకే వ్యవధి ఉన్నది. వానలతోపాటు మన వాడలలోకి ఫ్లూ జ్వరం కూడా దిగుతుంది. ఈ రెండు నెలలలో ప్రతి ఇంటివారు ఆలోచించుకోవలసిన సంగతి కాబట్టి ఒప్పుకున్నాను.

నేను డాక్టరును కాను. మెట్రిక్యులేషన్ పాసయి, రైల్వే పార్సిలు ఆఫీసులో రసీదులు రాసుకునే గుమాస్తాను. తెలియనిచోట తెలిసిన డాక్టరుగారిని అడిగి, చదవగలిగినంత చదివి, కూడికలు తీసివేతలు సరిచూసుకొని మీ ముందుకు వచ్చినాను. లెక్క సరిచూడడం ఒక్కటే నాకు వచ్చిన విద్య. ఈ విషయంలో ఆ విద్యే ఎక్కువ అవసరమని మీకే తెలుస్తుంది.

కిందటి సంవత్సరం వానలకు ముందు ఒక ఆసుపత్రివారు మన వాడలో టీకా శిబిరం పెట్టినారు. ఆ ఆసుపత్రి పేరుతో మనకిప్పుడు పని లేదు. సూది వేసినారు, చీటీ చేతిలో పెట్టినారు, పంపించినారు. రేపు జబ్బ నొస్తుందని గాని, ఒళ్లు వెచ్చబడవచ్చునని గాని ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. మా గల్లీలో బీడీలు చుట్టే అక్క ఒకామె వేయించుకున్నది. మరునాటికి ఆమె చేయి ఎత్తలేకపోయినది, కొద్దిగా జ్వరం కూడా తగిలినది. రెండు రోజులు చాట ఒడిలో పెట్టుకోలేదు. బీడీల పనిలో వేయికి ఇంత అని కూలి. చుట్టని రోజుకు కూలి లేదు. మూడవనాడు ఆమె నన్ను వాకిట్లో ఆపి అడిగినది: "తమ్మీ, సూది ఏసుకున్నందుకే జ్వరమొచ్చె. ముందుగాల ఒక్క మాట చెప్తే పని లేని దినం చూసి ఏసుకుందును గద. ఇప్పుడు రెండు దినాల కూలి ఎవరిస్తరు?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు చెప్పేవారు లేక, ఆ మాట నాలుగు గల్లీలు తిరిగినది. తిరుగుతూ తిరుగుతూ జ్వరం కాస్తా మూర్ఛ అయినది, మూర్ఛ కాస్తా పక్షవాతమయినది. మరమగ్గాల షెడ్డులో నలభై ఏండ్లు దూది దుమ్ము పీల్చి, ఉబ్బసంతో ఉన్న మన పెద్దాయన ఒకరు శిబిరం వాకిలిదాకా వచ్చి, ఆ మాట విని, తిరిగిపోయినారు. శ్రావణంలో ఆయనకు ఫ్లూ తగిలి, అది ఊపిరితిత్తులకు దిగి, పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. దేవుని దయవల్ల ఇల్లు చేరినారు గాని, చేతిలో ఉన్న నాలుగు రూపాయలూ పోయినవి. టీకా వేయించుకొని ఉంటే ఆయనకు ఆ జబ్బు వచ్చేది కాదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. ఎందుకు చెప్పలేనో కొంతసేపటిలో మీకే తెలుస్తుంది. కాని ఆయన వెనుకకు తిరిగినది ఒక అబద్ధం విని. ఆ అబద్ధం పుట్టినది, చెప్పవలసిన నిజం చెప్పకపోవడంవల్ల. నా ప్రసంగ సారమంతా ఇదే: టీకావల్ల కలిగే ఇబ్బందులను దాచకూడదు, పెంచకూడదు, ఉన్నవి ఉన్నట్లు ముందే చెప్పవలెను.

రైల్వేలో పనిచేసేవానికి ఇది అనుభవమే. బండి గంట ఆలస్యమని ముందే చెప్పితే ప్రయాణికుడు చాప పరచుకొని పడుకుంటాడు. చెప్పకపోతే పది నిమిషాలకే స్టేషనుమాస్టరు గది ముందు గుంపు చేరుతుంది.

ముందుగా జబ్బు సంగతి రెండు మాటలు. పడిశం వేరు, ఫ్లూ వేరు. పడిశం ముక్కు కారించి పోతుంది. ఫ్లూ ఉన్నట్లుండి పట్టుకుంటుంది. చలి, గట్టి జ్వరం, ఒళ్లంతా విరిచినట్లు నొప్పులు, పొడిదగ్గు. చాలామందికి వారం రోజులలో తగ్గిపోతుంది. ముసలివారికి, పసిపిల్లలకు, గర్భిణులకు, ఉబ్బసం, మధుమేహం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం అది న్యుమోనియాగా మారే భయం ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద ఏటా 2,90,000 నుండి 6,50,000 మంది దీనివల్ల శ్వాసకోశ బాధలతో చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా.

మా రైల్వేకు ఈ జబ్బుతో పాత పరిచయమున్నది. 1918 జూన్‌లో అది బొంబాయిలో కనబడి, రైలు మార్గాల వెంబడి దేశమంతా పాకినది. ఆ శరదృతువులో రెండవసారి మరింత ఘోరంగా వచ్చినది. మన దేశంలో చనిపోయినవారు కోటీ ఇరవై లక్షలనుండి కోటీ ఎనభై లక్షలవరకు ఉంటారని అంచనాలున్నవి. మన జనాభా లెక్కలు మొదలైన తరువాత జనం పెరగక తగ్గిన దశాబ్దం 1911–1921 ఒక్కటే. 1957లో మరొక కొత్త ఫ్లూ ఓడమీద మద్రాసు రేవుకు వచ్చినది. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూకు మన దేశంలో మొదటి మరణం ఆగస్టులో మన పొరుగునున్న పుణెలోనే జరిగినది. అందుచేత ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట కాదు.

ఇక టీకా దగ్గరకు వద్దాము. ఈ వైరసును 1933లో లండనులో విల్సన్ స్మిత్, ఆండ్రూస్, లెయిడ్‌లా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు వేరుచేసినారు. 1940 తరువాత అమెరికా సైన్యంలో టీకాను పరీక్షించి, 1945లో మామూలు ప్రజలకు అనుమతించినారు. ఆ కాలపు టీకాలో చంపిన వైరసు మొత్తంగా ఉండేది. దానిని పెంచిన కోడిగుడ్డు పదార్థం కూడా ఎక్కువగా కలిసి ఉండేది. అందుచేత నొప్పి, జ్వరం ఎక్కువగా వచ్చేవి. తరువాత వడపోసే యంత్రాలు మెరుగై, 1968లో వైరసును ముక్కలు చేసి శుద్ధిచేసిన టీకా అమెరికాలో అనుమతి పొందినది. ఈనాడు సాధారణంగా జబ్బకు వేసే ఫ్లూ టీకాలు ఇట్లా ముక్కలు చేసినవో, అందులోనుండి కొంత భాగమే తీసినవో. మన తాతలు చెప్పుకున్న జ్వరానికీ మనకు వచ్చే జ్వరానికీ అందుకే తేడా ఉన్నది.

సూది వేసిన చోట ఎందుకు నొస్తుంది? టీకాలో వైరసు ముక్కలను చూడగానే మన ఒంటిలోని కాపలా కణాలు దొంగ వచ్చినాడనుకొని అక్కడ గుమిగూడుతవి. వాటి వెంట రక్తం చేరుతుంది. ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, తాకితే నొస్తుంది. అవి వదిలే పదార్థాలు కొన్ని రక్తంలో కలిసి మెదడుదాకా పోయి, ఒంటివేడిని పెంచమని కబురు చెప్పుతవి. అప్పుడు కొద్దిపాటి జ్వరం, తలనొప్పి, కండరాల నొప్పి, నీరసం, ఒక్కొక్కరికి వికారం కలుగుతవి. ఇవి సాధారణంగా టీకా వేసిన రోజునగాని మరునాడుగాని మొదలై, ఒకటి రెండు రోజులలో వాటంతటవే పోతవి. ఇది ఒళ్లు పాఠం నేర్చుకుంటున్న గుర్తు. అయితే నొప్పి రానివారికి పాఠం అంటలేదని అనుకోవద్దు. నొప్పి లేకుండా నేర్చుకునే ఒళ్లు కూడా ఉంటుంది. నాకు ఎడమ జబ్బ ఒకటిన్నర రోజు నొచ్చినది, రాసే చేయి కాదు గనుక రసీదులు ఆగలేదు. మా ఇంటి ఆమెకు సూది పడ్డ జాడే లేదు.

"సూది వేయించుకున్నందుకే నాకు ఫ్లూ వచ్చింది" అనే మాట అందరూ వినియుంటారు. ఇది కుదరని మాట. చంపి ముక్కలు చేసిన వైరసు మళ్లీ లేచి జబ్బు తేలేదు. దీనిని పరీక్షించినవారు కూడా ఉన్నారు. కొందరికి అసలు టీకా, కొందరికి ఉత్త ఉప్పునీరు వేసి, ఎవరికి ఏది వేసినారో వారికి తెలియనీయకుండా, తరువాతి రోజులలో బాధలను రాసుకున్నారు. టీకావారికి జబ్బ నొప్పి, ఎరుపు ఎక్కువగా కనబడినవి. ఒళ్లు నొప్పులు, జ్వరం, దగ్గు, ముక్కు కారడం, గొంతునొప్పి మాత్రం ఇరువురిలోనూ ఒకే తీరుగా ఉన్నవి. అనగా ఉప్పునీరు వేయించుకున్నవారు కూడా కొందరు "సూదివల్లనే నాకు జ్వరం వచ్చింది" అన్నారన్నమాట.

మరి కొందరికి టీకా తరువాత నిజంగానే ఫ్లూ వస్తుంది కదా? వస్తుంది. దానికి కారణాలున్నవి. టీకా రక్షణ కుదురుకోవడానికి సుమారు రెండు వారాలు పట్టుతుంది. ఈలోపల వైరసు తగలవచ్చును. సూది వేసే నాటికే వైరసు లోపల చేరి ఉండవచ్చును. పడిశం తెచ్చే ఇతర వైరసులు చాలా ఉన్నవి, వాటిమీద ఈ టీకా పనిచేయదు. చివరగా, ఈ టీకా పూర్తి కవచం కాదు. ఆ ఏటి వైరసుకు టీకా బాగా సరిపోయినప్పుడు కూడా డాక్టరుదాకా పోవలసిన జబ్బును నూటికి నలభై నుండి అరవై వంతులే తగ్గిస్తుంది. పెద్దాయన విషయంలో నేను ప్రమాణం చేయలేనన్నది ఇందుకే. కాని వేయించుకున్నవారికి జబ్బు వచ్చినా, ఆసుపత్రి పాలయ్యేటంత ముదరడం తక్కువ.

ఇప్పుడు అరుదైనవి, గట్టివి చెప్పుతాను. మొదటిది కళ్లు తిరిగి పడిపోవడం. ఇది మందువల్ల కాదు, సూదిని చూసిన భయంవల్ల, పడుచుపిల్లలలో ఎక్కువ. పడితే తలకు దెబ్బ తగలవచ్చును. అందుకే కూర్చోబెట్టి సూది వేసి, పదిహేను నిమిషాలు అక్కడనే కూర్చోబెట్టవలెను.

రెండవది తీవ్రమైన ఎలర్జీ. ఒంటినిండా దద్దుర్లు, ముఖమో గొంతో వాయడం, ఊపిరి ఆడకపోవడం, గుండె దడ, సోలిపోవడం దీని గుర్తులు. చాలావరకు కొద్ది నిమిషాలలోనే, ఎక్కువైతే కొద్ది గంటలలో కనబడుతుంది. పది లక్షల సూదులకు ఒకటి రెండు చోట్ల జరుగుతుంది. దీనికి మందు ఎడ్రినలిన్ ఇంజెక్షను. వెంటనే వేస్తే మనిషి దక్కుతాడు. ఆ పదిహేను నిమిషాలు కూర్చోమనేది ముఖ్యంగా ఇందుకే. ఎడ్రినలిన్ సిద్ధంగా లేనిచోట టీకా వేయించుకోవద్దు. "ఆ మందు ఉన్నదా?" అని అడగడం అమర్యాద కాదు.

మూడవదానికి పేరు గులియన్ బారే. ఈ పేరు 2025 జనవరిలో పుణె వార్తలలో మీరందరూ విన్నారు. అప్పటి పుణె కేసులకు టీకాతో సంబంధం లేదు; కలుషితమైన నీటిద్వారా వ్యాపించే కాంపిలోబాక్టర్ అనే సూక్ష్మక్రిమితో అది ముడిపడినది. ఈ జబ్బులో మన ఒంటి కాపలా కణాలే పొరపాటున మన నరాలమీద పడుతవి. కాళ్లలో తిమ్మిరి, బలహీనత మొదలై పైకి పాకుతుంది. చాలామంది కోలుకుంటారు గాని నెలలు పట్టవచ్చును. ఫ్లూ టీకాకు, దీనికి ఉన్న సంబంధం తెలుసుకోవాలంటే అమెరికాలో 1976లో జరిగిన కథ వినవలెను.

ఆ ఏడు ఫిబ్రవరిలో న్యూజెర్సీలోని ఫోర్ట్ డిక్స్ అనే సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూతో ఒక సిపాయి చనిపోయినాడు. 1918 మళ్లీ వస్తున్నదని భయపడి ప్రభుత్వం దేశమంతటికీ టీకాలు వేయ సంకల్పించినది. అక్టోబరు 1న పని మొదలయినది. పది పన్నెండు రోజులకే పిట్స్‌బర్గ్ నగరంలో టీకా వేయించుకున్న ముసలివారు ముగ్గురు చనిపోయినారు. పత్రికలు గగ్గోలు పెట్టినవి. కొన్ని రాష్ట్రాలు టీకాలు ఆపినవి. లెక్క తీసి చూస్తే వారు గుండెజబ్బుతో పోయినారు. ఆ వయస్సువారు అన్ని వేలమంది ఉన్నచోట, టీకా ఉన్నా లేకున్నా, ఆ కొద్ది రోజులలో కొందరు పోవడం సహజమే. కాకి వాలడం, తాటిపండు పడడం ఒకేసారి జరిగితే, కాకి బరువుకే పండు పడినదని అనుకున్నట్లు. దీనినే మనవారు కాకతాళీయమన్నారు.

కథ అక్కడితో ముగియలేదు. డిసెంబరు నాటికి టీకా వేయించుకున్నవారిలో గులియన్ బారే కేసులు లెక్కకు మించి కనబడినవి. మళ్లీ లెక్క తీసినారు. ఈసారి కాకతాళీయం కాదు. లక్షమందికి సుమారు ఒకరికి టీకావల్లనే వచ్చినదని తేలినది. అప్పటికి నాలుగు కోట్లకుపైగా జనానికి టీకాలు పడినవి. భయపడిన మహమ్మారి మాత్రం రానేలేదు. డిసెంబరు 16న ఆ పని నిలిపివేసినారు.

ఈ కథను టీకా వద్దనేవారు సగమే చెప్పుతారు, టీకా కావాలనేవారు రెండవ సగమే దాస్తారు. నేను మొత్తం చెప్పినాను. ఒకే టీకా, ఒకే దేశం, మూడు నెలల కాలం. అక్టోబరు భయం ఉత్తది, డిసెంబరు భయం నిజమైనది. రెండింటినీ వేరుచేసినది కేకలు కాదు, లెక్క. టీకా వేయనివారిలో ఆ జబ్బు ఎంతమందికి వస్తుంది, వేసినవారిలో ఎంతమందికి వచ్చినది అని పక్కపక్కన పెట్టి చూడడమే ఆ లెక్క.

ఆ తరువాత వచ్చిన ఫ్లూ టీకాలను ఇదే కంటితో ఏటా చూస్తూ వస్తున్నారు. కొన్ని ఏండ్లలో పెరుగుదల ఏమీ కనబడలేదు. కనబడినప్పుడు పది లక్షలమందికి ఒకటి రెండు కేసులు మాత్రమే. మన షోలాపూరు నగర జనాభా 2011 లెక్కలలో సుమారు తొమ్మిదిన్నర లక్షలు. ఊరు ఊరంతా టీకా వేయించుకుంటే ఒకరికో ఇద్దరికో అదనంగా ఈ జబ్బు రావచ్చునన్నమాట. ఆ ఒక్కరి ఇంటికి అది చిన్న సంగతి కాదు. అందుకే దాచకుండా చెప్పుతున్నాను. కాని ఫ్లూ జ్వరం వచ్చినవారికి కూడా ఆ జ్వరంవల్లనే గులియన్ బారే రావచ్చును, అది టీకావల్ల వచ్చేదానికంటె ఎక్కువ. తక్కెడలో రెండు పళ్లెములూ చూడవలెను.

మరి రెండు సంగతులు కూడా చెప్పకుండా ఉండరాదు. 2009–10లో ఐరోపాలో వాడిన ఒక ప్రత్యేకమైన స్వైన్ ఫ్లూ టీకా తరువాత ఫిన్లాండు, స్వీడన్ దేశాలలో కొందరు పిల్లలకు, యువకులకు పగలే నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీ అనే జబ్బు వచ్చినది. విచారించి, ఆ టీకాతో సంబంధమున్నదని ఒప్పుకున్నారు. అది ఇప్పుడు వాడుకలో లేదు. అట్లాగే 2010లో ఆస్ట్రేలియాలో ఒక కంపెనీ టీకాతో అయిదేండ్లలోపు పిల్లలకు జ్వరం, దానితోపాటు ఫిట్సు ఎక్కువగా రావడం గమనించి, ఏప్రిల్‌లోనే ఆ వయస్సు పిల్లలకు ఆపినారు. ఇవి వింటే భయం వేయవచ్చును. నాకు మాత్రం ఇవి చదివినప్పుడు కొంత ధైర్యమే కలిగినది. ఎవరో లెక్క చూస్తున్నారు, తప్పు కనబడితే ఆపుతున్నారు. ఎవరూ చూడని లెక్కను గదా మనం అనుమానించవలసినది!

గర్భిణుల మాట. చంపిన టీకాను గర్భిణులకు ఎన్నో ఏండ్లుగా ఇస్తున్నారు. తల్లికి కలిగే ఇబ్బంది అందరికీ కలిగే జబ్బనొప్పే. ఆరు నెలలలోపు పసికందుకు ఈ టీకా వేయరు. కాబట్టి తల్లికి వేసిన టీకా రక్షణే కడుపులో ఉండగా బిడ్డకు అందవలెను. ముక్కులో కొట్టే టీకా వేరొకటి ఉన్నది. 2010లో మన పుణె సీరం ఇన్‌స్టిట్యూటువారు స్వైన్ ఫ్లూకు అటువంటిది తయారుచేసినారు. అందులో బలహీనపరచిన, బతికి ఉన్న వైరసు ఉంటుంది. దానితో ముక్కు కారడం, గొంతు గరగర కలుగవచ్చును. దానిని గర్భిణులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ఇవ్వరు.

కోడిగుడ్డు పడనివారి భయం కూడా పాతదే. ఇప్పటి టీకాలలో గుడ్డు పదార్థం లేశమాత్రమే ఉంటుంది గనుక, గుడ్డు ఎలర్జీ ఉన్నంతమాత్రాన మానవలసిన పనిలేదని ఇటీవలి సంవత్సరాల సలహా. డాక్టరుకు ముందే చెప్పితే చాలు. కాని ఇంతకుముందు ఫ్లూ టీకాకే తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు మళ్లీ వేయించుకోరాదు. వెనుక ఎప్పుడైనా గులియన్ బారే వచ్చినవారు డాక్టరును అడగకుండా వేయించుకోరాదు. గట్టి జ్వరంతో ఉన్నవారు తగ్గినాక రావలెను. ఉత్త పడిశానికి ఆగనక్కరలేదు. రక్తం పలచబడే మాత్రలు మింగేవారు ఆ మాట చెప్పి, సూది వేసినచోట రుద్దకుండా రెండు నిమిషాలు అదిమి పట్టుకోవలెను.

ఇంటికి పోయిన తరువాత చేయవలసినవి కొద్దిపాటివే. చేయి కదలించకుండా కట్టేసుకోవద్దు. కొంచెం కొంచెం ఆడిస్తే పట్టు త్వరగా వదులుతుంది. తడిగుడ్డ వేయండి. సున్నం, పసుపు పట్టులు వేయవద్దు, మర్దన చేయవద్దు. జ్వరం బాధిస్తే పారాసిటమాల్ మాత్ర తగిన మోతాదులో చాలు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నొప్పి, జ్వరం మూడు రోజులు దాటినా, దద్దుర్లు లేచినా, ఊపిరి కష్టమైనా, పిల్లలకు ఫిట్సు వచ్చినా, తరువాతి వారాలలో కాళ్లు బలహీనపడినా ఆలస్యం చేయక ఆసుపత్రికి పోయి, "ఫలానా తేదీన ఈ టీకా వేయించుకున్నాను" అని చీటీ చూపించండి. అటువంటివి రాసుకొని పై అధికారులకు పంపే ఏర్పాటు ప్రభుత్వంలో ఉన్నది. మీరు చెప్పితేనే అది లెక్కలోకి ఎక్కుతుంది. గల్లీలో చెప్పిన మాట పుకారు అవుతుంది. ఆసుపత్రిలో రాయించిన మాట లెక్క అవుతుంది.

ఈ టీకా ఒకసారి వేసుకొని మరచిపోయేది కాదు. వైరసు వేషం మార్చుతూ ఉంటుంది గనుక ప్రపంచ ఆరోగ్యసంస్థవారు ఏటా రెండుమార్లు, ఫిబ్రవరిలోను సెప్టెంబరులోను, టీకాలో ఏ రకాలు ఉండవలెనో చెప్పుతారు. మన దేశంలో చాలాచోట్ల ఈ జబ్బు వానకాలంలో పెద్దదిగా, చలికాలం చివర మరొకసారి వస్తుంది. అందుచేత మన వైపు ఏప్రిల్, మే నెలలు తగిన సమయం. మొదటిసారి వేయించుకునే తొమ్మిదేండ్ల లోపు పిల్లలకు నాలుగు వారాల ఎడంతో రెండు మోతాదులు కావలెను. పిల్లలందరికీ ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే టీకాల పట్టికలో ఇది లేదు. కాబట్టి ఖర్చు సంగతి కూడా మనమే ఆలోచించుకోవలెను.

ఇందుకు మన కార్యవర్గం ఒక నిర్ణయం చేసినది. వానలకు ముందు సంఘ మందిరంలో డాక్టరుగారి సమక్షంలో శిబిరం పెట్టుతున్నాము. మరునాడు సెలవు ఉండే రోజు సాయంత్రమే పెట్టుతాము. బీడీల అక్కలు, మగ్గాల అన్నలు కూలి పోగొట్టుకోకుండా ఉండేందుకే ఈ ఏర్పాటు. ఏయే బాధలు కలుగవచ్చునో పెద్ద అక్షరాలతో తెలుగులోను మరాఠీలోను గోడకు అంటిస్తాము. చదువురాని పెద్దలకు ఒక కుర్రవాడు చదివి వినిపిస్తాడు. ఎడ్రినలిన్ మందు బల్లమీద కనబడేటట్లు ఉంటుంది. సూది వేయించుకున్న ప్రతివారు పదిహేను నిమిషాలు కూర్చొని, చాయ తాగి పోవలెను. మరునాడు, మూడవనాడు మన యువకులు ఇల్లిల్లూ తిరిగి, ఎవరికి ఏమి కలిగినదో నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ లెక్కను, మంచిదైనా చెడ్డదైనా, తరువాతి సమావేశంలో మీ ముందే చదువుతాను. స్తోమత లేని ముసలివారికి, ఉబ్బసం ఉన్నవారికి, గర్భిణులకు ఖర్చు భరించడానికి చందా పుస్తకం తెరిచినాము. అది కోశాధికారిగారి దగ్గర ఉన్నది.

వేయించుకోవడం, మానడం మీ ఇష్టం. బలవంతం లేదు. నేను కోరేది ఒక్కటే. వద్దనుకున్నవారు ఇక్కడ విన్న లెక్క తూచి వద్దనుకోవలెను. గల్లీ చివర విన్న మాటకు భయపడి కాదు. వేయించుకునేవారు రేపు జబ్బ నొస్తుందని తెలిసి రావలెను. తెలిసి వచ్చినవారు ఎవరినీ తిట్టరు.

కిందటేడు నన్ను వాకిట్లో ఆపి ప్రశ్న అడిగిన అక్కకు ఈ శిబిరం సంగతి ఆలోచన దశలోనే చెప్పినాను. "ఈపాలి సెలవు ముందుదినం అంటున్నరు గద, నేను గుడ ఏసుకుంట. నాతోని ఇంక నలుగురిని తోల్కొస్త" అన్నది. పెద్దాయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఈ సభలోనే వెనుక కూర్చున్నారు. ఆయనకు గాని మరెవ్వరికి గాని అడగవలసిన ప్రశ్నలుంటే, సభ ముగిసిన తరువాత నేనూ, డాక్టరుగారూ ఇక్కడనే ఉంటాము. నాకు తెలిసినది నేను చెప్పుతాను, తెలియనిది ఆయనను అడుగుదాము.

 రానున్న సంవత్సరం మీ ఇండ్లలో ఆరోగ్యము, చేతినిండా పని ఇవ్వవలెనని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.